యాలకులకు ‘చెట్టు’ అనే మాట సరిపోతుందా?

మొన్న ఒకరు "యాలకుల చెట్టు" అని రాస్తే, ఇంకొకరు "ఏలకులు అనాలి, యాలకులు తప్పు" అని దిద్దారు. ఆ దిద్దుబాటు నాకు నచ్చలేదు. మా కడప వైపు వేప యాప అవుతుంది, వేలు యాలు అవుతుంది, ‘ఏడికి’ యాడికి అవుతుంది. ఏలక్కాయ కూడా అదే దారిలో యాలక్కాయ అయింది. అది మా అవ్వ నోటి మాట, తప్పెట్లా అవుతుంది? నాకు సరిపడనిది రెండో మాట, ‘చెట్టు’.

సంక్రాంతికి నాయనతో శబరిమల పోయి, తిరిగొస్తూ కేరళలోని కుమిళి దగ్గర ఒక యాలకుల తోటలో ఆగాం. నేను కాయల కోసం పైకి చూస్తున్నా. మైదుకూరు దగ్గర ముప్పై ఏళ్లు పసుపు పండించిన నాయన మాత్రం నేల మీదికి వంగి, "చెట్టు కాదురా ఇది, దుబ్బు. మన పసుపు మాదిరే ఉండాది" అన్నాడు.

నిజంగానే రెండూ అల్లం కుటుంబానివే. యాలకుల దుబ్బు రెండు నుంచి నాలుగు మీటర్లు లేస్తుంది కానీ అందులో మాను లేదు. అరటిలో లాగే ఆకుల మొదట ఉండే తొడుగులు ఒకదాన్నొకటి చుట్టుకుని కాండంలా నిలబడతాయి. అసలు కాండం మట్టిలో ఉండే దుంప. పూలకంకులు కూడా దుబ్బు మొదట్లోంచే వచ్చి నేల మీద పాకుతాయి. తెల్లటి పువ్వు, పెదవి లాంటి రేకు మీద ఊదా చారలు. తేనెటీగలు వాలితేనే కాయ. ఇది పడమటి కనుమల వానడవిలో పెద్ద మానుల కింద, నీడలో పుట్టిన మొక్క. అందుకే తోటల్లో కూడా పైన చెట్లను ఉంచుతారు.

కాబట్టి ‘యాలకుల దుబ్బు’ అందాం. పసుపుకి, చెరకుకి వాడే మాటే కదా.

అనంతపురం నుంచి ఒక వ్యాఖ్య: మాకు కన్నడం పక్కనే. కన్నడంలో యాలక్కాయను ఏలక్కి అంటారు, కానీ ఆ మాట అనగానే మాకు ముందు అదే పేరున్న చిన్న అరటిపండు గుర్తొస్తుంది. దుబ్బు మాట బాగుంది. మా తోటలో నాటితే వస్తుందా అన్నా?

జవాబు: కష్టం తమ్ముడూ. దానికి ఏడాదికి 1500 మిల్లీమీటర్లకు తగ్గని వాన కావాలి. అనంతపురంలో పడేది 550కి అటూ ఇటూ. మన ఎండకి ఆకులు మాడిపోతాయి.

కర్నూలు నుంచి ఒక వ్యాఖ్య: శాస్త్రీయ నామం ఎలెటారియా కార్డమోమం. 1811లో వృక్షశాస్త్రవేత్త మేటన్ పెట్టిన ఆ ‘ఎలెటారి’ మలయాళం ‘ఏలత్తరి’ నుంచి వచ్చిందే. అంటే మన ‘ఏల’ అందులోనూ ఉంది. అమరకోశంలో చిన్న ఏలకులకు ‘త్రిపుట’ అనే పేరు కూడా ఉంది. పుటం అంటే అర, దొన్నె.

జవాబు: త్రిపుట నాకు ఈ రోజే తెలిసింది అక్కా. వెంటనే వంటింట్లోకి పోయి ఒక కాయను అడ్డంగా కోశా. సరిగ్గా మూడు అరలు, ఒక్కోదాంట్లో నల్లటి గింజల వరసలు. నాయనకి చూపిస్తే కళ్లజోడు తెచ్చుకుని ఇంకో కాయ కోశాడు.