పేరు తెలియని జబ్బు: బిడ్డకి ఇంకా పరీక్షలు చేయించాలా, చాలించాలా?

కావలి మేనమామ:
మా అక్క కూతురికి నాలుగేళ్లు. జ్వరమొస్తే చాలు, మెడ వాల్చేసి మత్తుగా పడిపోతాది. తేరుకునేసరికి అంతకుముందు వచ్చిన నడకో మాటో వెనక్కి పోయుంటాది. నెల్లూరు, చెన్నై, వేలూరు అన్నీ తిరిగారు. డిశ్చార్జి కాగితం మీద జబ్బు పేరుండాల్సిన చోట ప్రశ్నార్థకమే. ఇప్పుడు ఎక్సోమ్ అని రక్తంతో చేసే జీన్ల పరీక్ష రాశారు. బావేమో "బిడ్డని ఇంక పొడిపించను, ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెడతా" అంటా ఉండాడు. అక్క చేయించాల్సిందే అంటా ఉంది. మీరైతే ఏం చేస్తారు?

పొదలకూరు పెద్దాయన:
చాలించండి నాయనా. చేతికి రబ్బరు పట్టీ కట్టబోతే చెయ్యి వీపు వెనక దాచుకునే పసిబిడ్డల్ని చూశా. పేరు తెలిసినంత మాత్రాన మందు దొరుకుతుందా? ఈ అరుదైన జబ్బుల్లో చాలావాటికి మందే లేదంట గదా.

వార్డు సిస్టర్, నెల్లూరు:
పెద్దాయనా, చాలావాటికి లేదు, నిజమే. కొన్నిటికి ఉంది. బయోటినిడేజ్ లోపమనేది ఒకటుంది. ఫిట్స్ వస్తాయి, జుట్టు రాలుతుంది, ఒంటిమీద దద్దుర్లు. రోజూ బయోటిన్ అనే విటమిన్ మాత్ర వేస్తే బిడ్డ బాగుంటుంది. ఆలస్యమైతే పోయిన వినికిడి మళ్లీ రాదు. ఇది ఆ జబ్బేనని నేననడం లేదు.

మేనమామ గారూ, నేనడిగేది ఒకటే. ఇంతవరకు చేసిన పరీక్షలకి రక్తం ఎప్పుడు తీశారు? జ్వరానికి మత్తులోకి పోతుందంటే మెటబాలిక్ జబ్బేమోనని, అంటే తిన్నది ఒంట్లో శక్తిగా మారడంలో తేడా ఉందేమోనని ముందు అనుమానించాలి. ఇలాంటి వాటిలో రక్తంలోని అమ్మోనియా, లాక్టేట్, షుగరు మత్తులో ఉన్నప్పుడే తేడాగా కనపడొచ్చు. గ్లూకోజు ఎక్కి, పిల్ల లేచి కూర్చున్నాక తీస్తే అంతా నార్మలే అని రావచ్చు. సెలైన్‌కి సూది గుచ్చినప్పుడే శాంపిల్ తీసిపెట్టమని అడగండి, ఇంకో పోటు తప్పుతుంది. అమ్మోనియా శాంపిల్ ఐసులో పెట్టి వెంటనే ల్యాబుకి పోవాలి. రాత్రిపూట చిన్న ఆసుపత్రుల్లో అది జరగదు, ఆ సంగతి నాకూ తెలుసు. అందుకే "జ్వరమొస్తే ఖాళీ కడుపుతో ఉంచొద్దు, ముందు డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు సెలైన్), ఈ రక్తపరీక్షలు" అని మీ స్పెషలిస్టు దగ్గర ఒక లెటరు రాయించుకుని ఫైల్లో పైన పెట్టుకోండి. పేరు తేలకపోయినా ఆ లెటరు పనికొస్తుంది.

కనిగిరి నాన్న:
మా వైపు పిల్లోడి కాళ్లు వంకరపోతే అందరూ ఫ్లోరైడ్ నీళ్ల మీదకి తోసేస్తారు. మావాడి విషయంలో డాక్టరు కూడా అదే అన్నాడు. ఏళ్లు గడిచాయి. చివరికి ఎక్సోమ్ చేయిస్తే "ప్రాముఖ్యత తేలని మార్పు" అని రాసిచ్చారు, అంటే జీన్‌లో తేడా ఉంది గానీ జబ్బుకి అదే కారణమో కాదో తెలియదంట. అప్పు చేసి అనుమానం కొనుక్కున్నా. నాది బావగారి పక్షం.

జీన్స్ ల్యాబు, ఒంగోలు పిల్ల:
ఊరు ఒంగోలు, పని హైదరాబాద్‌లో. ఎక్సోమ్ మన డీఎన్ఏలో ప్రొటీన్లకి సంబంధించిన ఒకటి రెండు శాతాన్నే చదువుతుంది. సగానికి పైగా పిల్లలకి మొదటిసారి జవాబు రాదు, ఆ మాట ముందే చెప్పకుండా డబ్బు కట్టించుకోవడం తప్పు. కానీ చేయిస్తే అమ్మానాన్నల రక్తం కూడా కలిపి పంపండి, ఏ మార్పు ఎవరి నుంచి వచ్చిందో తెలిస్తే అనుమానాలు తగ్గుతాయి. ఒక మాట అడగొచ్చా, మేనరికమా?

కావలి మేనమామ:
అవును, మేనత్త కొడుకే. ఆ మాటెత్తితే ఇంట్లో "మీ వైపు నుంచే" అని రెండు పక్కలా మొదలు.

జీన్స్ ల్యాబు, ఒంగోలు పిల్ల:
మేనరికంలో ఎక్కువగా చూసేది రెసెసివ్ జబ్బులు. అవి రావాలంటే తప్పున్న జీన్ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. ఒక వైపు తప్పనేది ఉండదు. అదే అయితే ప్రతి కాన్పులోనూ నాలుగోవంతు అవకాశం. మీ అక్క ఇంకో బిడ్డని అనుకుంటుంటే, మూడో నెలలోనే పరీక్ష చేసి చెప్పగలరు. కానీ ఈ పాప జీన్‌లో తప్పు ఎక్కడుందో ముందు దొరకాలి.

పొదలకూరు పెద్దాయన:
మా తరంలో అన్నీ మేనరికాలే, అందరూ బాగానే ఉన్నారు.

వార్డు సిస్టర్, నెల్లూరు:
పురిట్లోనే పోయిన బిడ్డల్ని ఎవరు లెక్కపెట్టారు పెద్దాయనా?

సచివాలయం ఉద్యోగి, ఉదయగిరి:
డబ్బు సంగతి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద రూ. 50 లక్షల దాకా సాయం ఉంది. జాబితాలో ఉన్న జబ్బులకే, గుర్తించిన కేంద్రాల్లోనే. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల సంస్థ కలిసి ఒక కేంద్రం. జబ్బు పేరు తేలకపోతే ఆ సాయం అడగడానికే లేదు. సదరం సర్టిఫికెట్‌కి మాత్రం జబ్బు పేరు కోసం ఆగక్కర్లేదు, లోపం ఎంతో చూసి శాతం వేస్తారు. అది ఇప్పుడే పెట్టుకోండి.

కావలి మేనమామ:
ఇదంతా బావకి చదివి వినిపించా. ముగ్గురి రక్తం ఒకేసారి, అదే ఆఖరు అంటే ఒప్పుకుంటా అన్నాడు. ఫిజియో మాత్రం ఆపేది లేదన్నాడు.

కనిగిరి నాన్న:
నాకొచ్చినట్టే వస్తే?

జీన్స్ ల్యాబు, ఒంగోలు పిల్ల:
రిపోర్టుతో పాటు రా డేటా, అంటే మిషన్ చదివిన డీఎన్ఏ సమాచారం మొత్తం ఉన్న ఫైళ్లు కూడా అడిగి తీసుకోవాలి. ఏటా కొత్త జీన్లు బయటపడుతుంటాయి కాబట్టి, ఒకటి రెండేళ్ల తర్వాత అదే డేటాని మళ్లీ చూస్తే కొందరికి జవాబు వస్తుంది. మళ్లీ సూది అక్కర్లేదు. మీవాడిది ఏ సంవత్సరం రిపోర్టు అన్నా?

కనిగిరి నాన్న:
2021. డేటా అడగాలని ఎవరూ చెప్పలా. ఇప్పుడిస్తారా?

జీన్స్ ల్యాబు, ఒంగోలు పిల్ల:
కొన్ని ల్యాబులు కొన్నేళ్లే దాస్తాయి. రేపు పొద్దున్నే శాంపిల్ నంబరు చెప్పి ఫోన్ చేయండి.