ఒకే ల్యాప్‌టాప్, ముగ్గురు క్లయింట్ల వీపీఎన్‌లు: వీఎంలలో విడదీస్తే ఒక్క సర్వర్ పలకట్లేదు

రుషికొండ_సపోర్ట్:
విశాఖలో చిన్న సపోర్ట్ టీం మాది. ముగ్గురు క్లయింట్ల నెట్‌వర్క్‌లలోకి ఒకే ల్యాప్‌టాప్ నుంచి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసే గుప్త టన్నెల్) తో వెళ్తాం. మొదటి క్లయింట్‌ది ఎనీకనెక్ట్, ట్రాఫిక్ మొత్తం టన్నెల్లోకి లాగేస్తుంది. రెండోది ఫోర్టీక్లయింట్, మూడోది ఓపెన్‌వీపీఎన్. ఈ రెండూ 10.0.0.0/8 రూటే పంపుతాయి, అంటే 10తో మొదలయ్యే అడ్రస్‌లన్నీ తమ టన్నెల్లోకే రావాలంటాయి. ఒకటి ఆన్ చేస్తే ఇంకోటి పడిపోతోంది, ఆఫీసు ప్రింటర్ కూడా మాయం. విండోస్ 11 ప్రో, 16 జీబీ ర్యామ్. క్లయింటుకో వీఎం (ల్యాప్‌టాప్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే వేరే కంప్యూటర్) అనుకుని వర్చువల్‌బాక్స్‌లో మూడోవాళ్ల కోసం ఒకటి చేశాను. వీపీఎన్ కనెక్ట్ అవుతోంది, సర్వర్లన్నీ అందుతున్నాయి, 10.0.2.40 తప్ప. ఏటి తేడా?

మధురవాడ_రౌటర్:
ఆ 10.0.2 దగ్గరే దొరికిపోయింది గురూ. వర్చువల్‌బాక్స్ నాట్ (ల్యాప్‌టాప్ అడ్రస్ చాటున వీఎంని నెట్‌కి కలిపే పద్ధతి) మామూలుగా గెస్ట్‌కి, అంటే వీఎంకి, 10.0.2.15 ఇస్తుంది, గేట్‌వే 10.0.2.2. అంటే 10.0.2.0/24 (10.0.2తో మొదలయ్యేవన్నీ) వీఎం లెక్కలో పక్కిల్లే. వీపీఎన్ ఇచ్చిన /8 కన్నా /24 ఇరుకైన రూటు కాబట్టి అదే గెలుస్తుంది, ప్యాకెట్ టన్నెల్ మొహమే చూడదు.

వీఎం ఆపేసి, వీబాక్స్‌మేనేజ్ మోడిఫైవీఎం కమాండ్‌లో నాట్‌నెట్1 ఆప్షన్‌కి 192.168.150.0/24 లాంటిది ఇవ్వు. ఆ క్లయింట్ వాడని రేంజ్ అయితే చాలు. బ్రిడ్జ్‌డ్ (వీఎంని నేరుగా ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే మోడ్) జోలికి మాత్రం పోకు. ఆఫీసు రౌటర్ రేంజ్ క్లయింట్ రేంజ్‌తో గుద్దుకుంటే మళ్ళీ ఇదే కథ, పైగా వీఎం ఆఫీసు లాన్‌లో అందరికీ కనిపిస్తుంది.

ద్వారకానగర్_లినక్స్:
16 జీబీలో మూడు విండోస్ 11 వీఎంలు ఒకేసారి నడపాలనుకోవద్దు. ఒక్కోదానికి కనీసం 4 జీబీ, లైసెన్సులు వేరే. ఓపెన్‌వీపీఎన్‌కి డెస్క్‌టాప్ లేని డెబియన్ లినక్స్ చాలు: 1 జీబీ ర్యామ్, 10 జీబీ డిస్క్. హోస్ట్‌లో (అసలు ల్యాప్‌టాప్‌లో) 127.0.0.1 మీద 2222 పోర్టుని గెస్ట్ 22కి ఫార్వర్డ్ చేసి, ఎస్‌ఎస్‌హెచ్ (వేరే మెషీన్‌లోకి కమాండ్లతో లాగిన్ అయ్యే పద్ధతి) డైనమిక్ ఫార్వర్డింగ్ 1080 మీద పెడితే సాక్స్ ప్రాక్సీ తయారు, బ్రౌజర్ ట్రాఫిక్ వీఎం మీదుగా వెళ్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో క్లయింటుకో ప్రొఫైల్ పెట్టి, డీఎన్‌ఎస్ (పేరుకి ఐపీ వెతికే పని) కూడా ప్రాక్సీ మీదుగానే వెళ్లేలా టిక్ పెట్టు. అది మర్చిపోతే ఐపీ కొడితే పేజీ వస్తుంది, పేరు కొడితే రాదు.

ఓపెన్‌కనెక్ట్ అనే వీపీఎన్ ప్రోగ్రాం అయితే ఎనీకనెక్ట్, ఫోర్టినెట్ (ఫోర్టీక్లయింట్ కంపెనీ) సర్వర్లు రెండింటితోనూ మాట్లాడుతుంది. కానీ యాంటీవైరస్ ఉందా, ప్యాచ్‌లు ఉన్నాయా అని క్లయింట్ తనిఖీ పెట్టి ఉంటే ఆ ఒక్కరికి విండోస్ వీఎం తప్పదు.

ఎంవీపీ_అడ్మిన్:
అన్నిటికంటే ముందు, వీఎంలోంచి రావడానికి క్లయింట్ దగ్గర మెయిల్‌లో అనుమతి తీసుకోండి. కొన్ని ఒప్పందాల్లో వాళ్లిచ్చిన మెషీన్ తప్ప వేరేది వాడకూడదని స్పష్టంగా ఉంటుంది.

ఎనీకనెక్ట్ వీఎంని హైపర్-వీలో (విండోస్ ప్రోతో వచ్చే వీఎం సాఫ్ట్‌వేర్) పెడితే ఒక తిరకాసు. ఎన్‌హాన్స్‌డ్ సెషన్ అంటే లోపల రిమోట్ డెస్క్‌టాపే, రిమోట్ సెషన్ నుంచి వీపీఎన్ తెరవనివ్వకపోవడం ఎనీకనెక్ట్ డిఫాల్ట్. బేసిక్ సెషన్‌కి మారి కనెక్ట్ చేయండి. హైపర్-వీ డిఫాల్ట్ స్విచ్ (వీఎంలకి నెట్ ఇచ్చేది) కూడా హోస్ట్ రీస్టార్ట్ అయితే సబ్‌నెట్ (అడ్రస్ రేంజ్) మార్చేసుకోగలదు, ఇవాళ పనిచేసింది రేపు క్లయింట్ 172.16 రేంజ్ మీద పడొచ్చు. హైపర్-వీ ఆన్‌లో ఉండగా వర్చువల్‌బాక్స్ నడిపితే కింద తాబేలు బొమ్మ వస్తుంది చూడండి, ఊరికే రాదు, వేగం కూడా అలాగే ఉంటుంది. రెండిట్లో ఒకటే ఎంచుకోండి.

షేర్డ్ ఫోల్డర్, రెండువైపులా క్లిప్‌బోర్డ్ ఆపేయండి. అవి తెరిచి ఉంచితే ఒక క్లయింట్ పాస్‌వర్డ్ ఇంకొకరి వీఎంలో పేస్ట్ కావడానికి ఒక్క నొక్కు చాలు. క్లోన్ చేసేది వీపీఎన్ సర్టిఫికెట్ వేయకముందే, మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబర్లు) కొత్తవి ఇచ్చి. ల్యాప్‌టాప్ నిద్ర లేచాక వీఎం గడియారం కూడా చూడండి. 5 నిమిషాలు దాటి తేడా ఉంటే డొమైన్ లాగిన్ కెర్బరోస్ (లాగిన్ తనిఖీ చేసే పద్ధతి) దగ్గరే ఆగిపోతుంది.

రుషికొండ_సపోర్ట్:
నాట్‌నెట్ మార్చగానే 10.0.2.40 పలికింది, థాంక్స్ గురూ. ఇప్పుడు అదే సర్వర్‌కి పింగ్ వెళ్తోంది, ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం లాగిన్ రాకముందే బిగుసుకుపోతోంది.

మధురవాడ_రౌటర్:
చిన్న ప్యాకెట్ దూరుతోంది, పెద్దది ఇరుక్కుంటోంది. ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) అయ్యుంటుంది. ముక్కలు చెయ్యొద్దని ఆప్షన్ ఇచ్చి 1200 బైట్ల పింగ్‌తో మొదలెట్టి 20 చొప్పున పెంచు. చివరిగా దాటిన అంకెకి 28 (హెడర్ల బైట్లు) కలుపు, టన్నెల్ ఇంటర్‌ఫేస్ ఎంటీయూగా అదే పెట్టు. లేదా ఓపెన్‌వీపీఎన్ కాన్ఫిగ్‌లో ఎంఎస్‌ఎస్‌ఫిక్స్ 1300 (ప్యాకెట్లు చిన్నవిగా పంపమనే సెట్టింగ్) రాసి చూడు. అది టీసీపీకే పనికొస్తుంది, యూడీపీ మీద వాయిస్ నడిపితే ఎంటీయూ తగ్గించాల్సిందే.