కడబంతిలో ‘బంతి’ ఏమిటి?

‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే’ అనే సామెతలో బంతి అంటే ఏమిటని ఒకరు అడిగారు. ఆడుకునే బంతికీ, బంతిపువ్వుకీ దీనితో చుట్టరికం లేదు. ఇది సంస్కృత ‘పంక్తి’కి వికృతి, వరస అని అర్థం. కుప్పనూర్పిళ్లలో ఎడ్లను వరసగా కట్టి తొక్కించడాన్ని కూడా బంతి కట్టడమనే అనేవారు.

భోజనాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘వరస’ అంటే సరిపోదు. కలిసి కూర్చుని, కలిసి లేచేవాళ్లే బంతి. విస్తళ్లలో అన్నీ పడి, చివరి మనిషికి కూడా నెయ్యి వేసేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదు. ముందు తిన్నవాళ్లు ఎంగిలి చేత్తోనే, పక్కవాళ్ల పెరుగన్నం అయ్యేదాకా ఆగాలి. తొందరపడి లేస్తే పెద్దలు కోప్పడేవారు. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ వడ్డించడాన్ని ‘పంక్తిలో వలపక్షం’ అన్నారు. సామెతలో ఉన్నది ఆ వలపక్షమే.

కడబంతి అంటే వరసలో చివరి చోటని కొందరు, చివరి విడత అని కొందరు అంటారు. మా పల్నాటి ఇళ్లలో రెండోదే వాడుక. ఆ చివరి విడత ఆడవాళ్లది. పొద్దున్నే పొయ్యి దగ్గర చేరిన మా నాయనమ్మ, పెద్దమ్మలు, మేనత్తలు మధ్యాహ్నం మూడు దాటాక కూర్చునేవాళ్లు. అప్పటికి గారెలు నిండుకునేవి, పులుసులో ముక్కలుండేవి కావు, బూరెల్లో చితికినవి మిగిలేవి. కబుర్లన్నీ మాత్రం ఆ బంతిలోనే. పులిహోరలో ఇంగువ ఎవరి పుట్టింటి పద్ధతో, ఈసారి ఆవకాయలో కారం ఎందుకు నల్లబడిందో, ఎవరి పెళ్లిలో పప్పు మాడిందో పిల్లలం వాళ్ల పక్కన చేరి వినేవాళ్లం. మా ఇంటి వంట నాకు తెలిసింది అలాగే. బంతి భోజనాలు పోయాయని బాధపడే పోస్టులు చాలా వస్తాయి, వాటిలో ఈ కడబంతి ఊసే ఉండదు. అందరికీ వేడివేడిగా వండిపెట్టినవాళ్లు చల్లారిన అన్నం తిన్నారన్నది కూడా ఈ మాట చరిత్రలో భాగమే. దాన్ని వదిలేసి అర్థం రాయడం నాకు ఇష్టం లేదు.

ఎవరు ఎవరి పక్కన కూర్చోవచ్చన్నది కూడా ఈ బంతి అనే మాటలోనే ఉంది. కట్టుబాటు తప్పినవాణ్ణి ‘పంక్తిబాహ్యుడు’ అన్నారు. దానికి ఎదురు నిలిచింది చాపకూడు. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని పల్నాట్లో చెప్పుకుంటారు. కారంపూడి వీరుల ఉత్సవాల్లో మందపోరు అనే రోజున ఇప్పటికీ చాపకూడు పెడతారు.

తెలంగాణ పెళ్లిళ్లలో ‘రెండో బంతి’, ‘మూడో బంతి’ అనే మాటలు నేను విన్నాను. రాయలసీమ, శ్రీకాకుళం వైపువాళ్లు చెప్పండి: వండినవాళ్లు కూర్చునే ఆ చివరి విడతకు మీ ఇళ్లలో వేరే పేరేమైనా ఉందా?