ప్రైవేటు యాప్ కంపెనీ వదిలేసి గవర్నమెంట్ ప్రాజెక్టులో యూజర్ రీసెర్చర్‌గా చేరొచ్చా?

మాదాపూర్_మేడమీద:
అందరికీ నమస్కారం. నాలుగేళ్ళుగా హైదరాబాద్‌లో ఒక షాపింగ్ యాప్ కంపెనీలో యూజర్ రీసెర్చ్ చేస్తున్నాను. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, జనం యాప్ ఎలా వాడుతున్నారో పక్కన కూర్చుని చూసి, మాట్లాడి, ఎక్కడ తికమక పడుతున్నారో డిజైనర్లకి చెప్పే పని. ఇప్పుడు ఒక కన్సల్టెన్సీ ద్వారా ప్రభుత్వ ప్రాజెక్టులో 11 నెలల కాంట్రాక్టు వచ్చింది. కులం, ఆదాయం సర్టిఫికెట్లకి దరఖాస్తు పెట్టే విధానం మొత్తం కొత్తగా చేస్తారట. జీతం తగ్గుతుంది, దానికి సిద్ధపడే ఉన్నాను.

నా అనుమానాలు వేరే. ఇక్కడ టెస్టులకి మనుషులు కావాలంటే ఏజెన్సీకి ఒక మెయిల్ కొడితే చాలు, ఎనిమిది మంది వచ్చి ఏసీ గదిలో కూర్చుంటారు, అందరూ రోజంతా ఫోన్ చూసేవాళ్ళే. అక్కడ అలా ఉండదని తెలుసు, మరి ఎలా ఉంటుంది? చదువు రానివాళ్ళతో టెస్టు ఎలా చేస్తారు? అసలు ఇది పని అవుతుందా, లేక "రీసెర్చ్ చేయించాం" అని ఫైల్లో ఒక కాగితం పెట్టుకోవడానికా? మా అమ్మయితే "ఇంత చదివి జనాభా లెక్కల టీచర్‌లా ఇల్లిల్లూ తిరుగుతావా" అని నవ్వుతోంది. చేసినవాళ్ళుంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

చెట్టుకింద_బెంచీ:
రెండేళ్ళు ఇలాంటి ప్రాజెక్టులోనే చేశాను, ఏ శాఖో అడక్కండి. ముందు ఒకటి బుర్రలోంచి తీసేయాలి. మీ యాప్ నచ్చకపోతే జనం ఇంకో యాప్‌కి పోతారు, అందుకే ఎంతమంది మధ్యలో వదిలేశారన్న లెక్క చూస్తే మీకు సగం సంగతి తెలిసిపోతుంది. ఇక్కడ వదిలేసి ఎక్కడికి పోతారు, ఊరికి ఇంకో తహసీల్దార్ ఆఫీసు లేదు కదా. ఎంత చెత్తగా ఉన్నా పూర్తి చేస్తారు. మా డాష్‌బోర్డులో, అంటే లెక్కలన్నీ చూపించే తెర మీద, నూటికి తొంభై పైన దరఖాస్తులు ఆరేడు నిమిషాల్లో పూర్తయినట్టు కనిపించేది, అందరూ సంతోషం. నేను వెళ్ళి మూడు రోజులు దరఖాస్తులు తీసుకునే సెంటర్ బయట కూర్చుంటే తెలిసింది, ఆ మూడు రోజుల్లో దరఖాస్తుదారులెవరూ స్క్రీన్ ముట్టుకోలేదు. అంతా ఆపరేటరే. రోజుకి అరవై దరఖాస్తులు కొట్టే మనిషికి ఆరు నిమిషాలు చాలవా!

ఇంకా దారుణం ఫోన్ నెంబరు. ఒకే నెంబరు వందల దరఖాస్తుల మీద ఉంది. విచారిస్తే బస్టాండు దగ్గర నెట్ సెంటర్ అతనిది. ముసలాయనకి ఫోన్ లేదు, ఉన్నా నెంబరు గుర్తులేదు, ఓటీపీ కోసం ఎవరు ఆగుతారని తన నెంబరే కొట్టేస్తాడు. కాబట్టి "మీ దరఖాస్తు తిరస్కరించబడినది" అన్న మెసేజ్ వెళ్ళేది అతనికి. పెద్దాయన పదిహేను రోజులయ్యాక ఛార్జీలు పెట్టుకుని వచ్చి అడిగితేనే తెలుస్తుంది. ఇది ఏ డాష్‌బోర్డులోనూ కనపడదు.

మధ్యలో మనిషి ఉండడం కొత్తేం కాదు లెండి. 2001లో ఈ-సేవ, 2011లో మీ సేవ, తర్వాత 2019 నుంచి ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయాలు, అన్నీ కౌంటర్ అవతల ఒకరు కూర్చుని చేసిపెట్టే పద్ధతే. 2025 జనవరిలో 161 సేవలతో "మన మిత్ర" అని వాట్సాప్‌లోకి వచ్చింది, మంచిదే, కానీ చాలా ఇళ్ళలో అవ్వ వాట్సాప్ అంటే మనవడి వాట్సాప్. మీ యూజర్ ఎవరని అడిగితే ఒకరు కాదు, ఇద్దరు ముగ్గురు. వాళ్ళ మధ్య ఏ మాట జారిపోతోందో పట్టుకోవడమే అక్కడ మీ పని.

డిజిటల్_అసిస్టెంట్:
పై ఆయన చెప్పింది నిజమే గానీ తప్పంతా కౌంటర్లో ఉన్నవాడిదే అన్నట్టు ఉంది. నేను గోదావరి జిల్లాలో ఒక సచివాలయంలో కౌంటర్లోనే కూర్చుంటాను. మీలాంటి వాళ్ళు వస్తారు, బయట జనాన్ని అడుగుతారు, ఫొటోలు తీసుకుంటారు, మమ్మల్ని మాత్రం అడగరు. మేడమ్, మీరొస్తే ముందు గోడ చూడండి. ప్రతి సెంటర్లో గోడకి చేత్తో రాసిన కాగితం ఒకటి ఉంటుంది, దేనికి ఏ జిరాక్సులు కావాలో. సైట్లో చెప్పనిది, చెప్పినా అర్థం కానిది, పైన ఆఫీసులో తిప్పి పంపినప్పుడల్లా మేము నేర్చుకున్నది అంతా అందులో ఉంటుంది. ఆ కాగితాలు పది ఊళ్ళలో ఫొటో తీస్తే మీ రీసెర్చ్ సగం అయిపోయినట్టే.

రెండోది పేర్లు. లక్ష్మి అనే పేరుకి ఒక కార్డులో కేఎస్‌హెచ్ ఉంటుంది, ఇంకోదాంట్లో ఎక్స్ ఉంటుంది. ఆధార్లో ఇంటిపేరు ముందు, టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు బదులు ఒక పొడి అక్షరం, పెళ్ళయ్యాక బ్యాంకు బుక్కులో భర్త ఇంటిపేరు. మనిషి ఒక్కరే, కాగితాల్లో మూడు రకాల మనుషులు. సిస్టమ్ "సరిపోలలేదు" అని ఒక్క ముక్క చూపిస్తుంది, ఏది దేనితో సరిపోలలేదో చెప్పదు. తిట్లు తినేది మేము.

మూడోది గడువు. దరఖాస్తుని ఇన్ని రోజుల్లో తేల్చాలని పెట్టిన గడువు (ఎస్ఎల్ఏ) దాటితే "బియాండ్ ఎస్ఎల్ఏ" అని మాకూ పైవాళ్ళకీ మెమోలు. దాంతో కొన్నిచోట్ల ఆఖరి రోజు ఏదో కారణం రాసి రిజెక్ట్ కొట్టి, మళ్ళీ పెట్టుకోమంటారు. లెక్కలో అంతా గడువు లోపలే. ఇది రాస్తారా మీ రిపోర్టులో?

మాదాపూర్_మేడమీద:
గోడ మీది కాగితం సంగతి చదివాక ఉద్యోగం సంగతి పక్కన పెట్టి ముందు ఒక సెంటర్ చూడాలనిపిస్తోంది. @చెట్టుకింద_బెంచీ, మరి దరఖాస్తు పెట్టేవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఏం అడిగేవారు? మేము ఇక్కడ వచ్చినవాళ్ళకి గిఫ్ట్ వోచర్ ఇస్తాం, అక్కడ డబ్బులు ఇవ్వొచ్చా?

చెట్టుకింద_బెంచీ:
డబ్బుల సంగతి ముందు. మొదటి ఊళ్ళో తెలివితక్కువగా మాట్లాడిన ఆరుగురికీ సెంటర్ ముందే తలా ఐదొందల నోటు ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే నలభై మంది లైన్లో ఉన్నారు, కొత్త పథకం అనుకుని, ఆధార్ జిరాక్సులతో సహా! వాళ్ళకి నచ్చజెప్పలేక చచ్చాను. తర్వాతి నుంచి బస్సు ఛార్జీలు, టీ, టిఫిను, అంతే. కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్ళకి ఆ రోజు కూలి ఇవ్వాల్సిందే, కానీ విడిగా, వాళ్ళ ఇంటి దగ్గర, ఎందుకిస్తున్నామో చెప్పి.

"మీ అనుభవం ఎలా ఉంది" అని మాత్రం అడక్కండి. "బాగుందండి" అంటారు, మీరు ఆఫీసరు అనుకుంటారు కాబట్టి. మెడలో ట్యాగు, చేతిలో ట్యాబ్ ఉంటే ఇంకా బాగుందంటారు. దానికి కారణం ఉంది. ఆంధ్రలో పథకాలకి ఆరంచెల పరిశీలన అని ఒకటి నడిచింది గుర్తుందా, కరెంటు నెలకి 300 యూనిట్లు దాటినా, ఇంటిముందు కారున్నా, ఇంట్లో ఎవరైనా ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టినా పేరు పోయేది. అలాంటివి చూసిన మనిషి ముందు నిలబడి "మీ ఇంట్లో ఎంతమంది, కొడుకు ఏం చేస్తాడు" అని మామూలుగా అడిగితే నోరు మూతపడుతుంది. నేను ట్యాగు తీసి జేబులో పెట్టుకుని, నేనెవరో, మీ పేరు ఎక్కడా రాసుకోనని నోటితో చెప్పి, "దీనికోసం ఇప్పటికి ఎన్నిసార్లు తిరిగారు" అని మొదలుపెట్టేవాణ్ణి. ఆ ఒక్క ప్రశ్నకి కథంతా వచ్చేస్తుంది. సంచీలోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసి చూపిస్తారు, ఏ కాగితం ఏ రోజు ఎవరు అడిగారో వరసగా.

చదువు రానివాళ్ళతో టెస్టు గురించి అడిగారు. స్క్రీన్ ఇవ్వను, రసీదు ఇస్తాను. "ఇది మీ చేతికిచ్చి పంపించారనుకోండి, ఇప్పుడేం చేస్తారు?" అని అడుగుతాను. ఇంటికెళ్ళి పక్కింటి పిల్లాడితో చదివిస్తానన్నారు చాలామంది. అంటే ఆ రసీదు ఏడో తరగతి పిల్లాడికి అర్థమయ్యేలా ఉండాలి. ఆడవాళ్ళని సెంటర్ దగ్గర అడిగితే పక్కనున్న మగాయన జవాబు చెప్తాడు. డ్వాక్రా మీటింగు అయ్యాక కూర్చోండి, అప్పుడు వినండి.

టైన్_ఒడ్డున:
నేను బ్రిటన్‌లో ప్రభుత్వ సర్వీసుల మీదే యూజర్ రీసెర్చర్‌ని, ఆరేళ్ళయింది. ఇక్కడ ఇది ప్రభుత్వంలో పేరున్న ఉద్యోగమే. 2011లో గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ పెట్టారు, 2012 అక్టోబరులో ప్రభుత్వ సేవలు ఒకచోట ఉండే గవ్ డాట్ యూకే సైటు వచ్చింది. ప్రభుత్వ సర్వీసు ఎలా ఉండాలో చెప్పే సర్వీస్ స్టాండర్డ్ అని 14 అంశాలుంటాయి, మొదటిదే యూజర్లనీ వాళ్ళ అవసరాలనీ అర్థం చేసుకోవడం. డిస్కవరీ (సమస్య తెలుసుకోవడం), ఆల్ఫా (నమూనాలు చేసి చూడడం), బీటా (నిజంగా కట్టి జనంతో వాడించి చూడడం), లైవ్ (పూర్తిగా నడపడం) అని దశలు. పెద్ద సర్వీసయితే దశ దాటేముందు ప్యానెల్ కూర్చుని ఎవరితో మాట్లాడారు, వికలాంగులతో మాట్లాడారా, ఇంటర్నెట్ రానివాళ్ళ సంగతేంటి అని గుచ్చి గుచ్చి అడుగుతుంది. సరిగ్గా చెప్పలేకపోతే వెనక్కి పంపిస్తారు.

స్వర్గమేం కాదు. పాలసీ మనం మార్చలేం, ఫారంలో ప్రశ్న ఎందుకుందంటే చట్టంలో ఉంది కాబట్టి అంటారు. ప్రభుత్వం నుంచి వచ్చే గోధుమరంగు కవర్లు భయపడి తెరవకుండా డ్రాయర్లో పడేసేవాళ్ళు ఇక్కడా ఉన్నారు, లోపలి వాక్యం ఎంత చక్కగా రాసినా ఏం లాభం?

మాదాపూర్ గారు, ఇక్కణ్ణుంచి ఒక్కటి పట్టుకెళ్ళండి. ఆరు వారాలకి కనీసం రెండు గంటలు టీములో ప్రతి ఒక్కరూ, డెవలపర్, మేనేజరు, ఆఫీసరు, ఎవరైనా సరే, యూజర్‌ని కళ్ళారా చూడాలని ఇక్కడ చెప్తారు. యాభై స్లైడ్లు చెప్పలేనిది ఆ రెండు గంటలు చెప్తాయి. ఇక రికార్డింగులతో జాగ్రత్త. ఆధార్ నెంబరు, కులం, ఆదాయం అన్నీ వీడియోలో పడతాయి. మన దగ్గరా 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, అంటే జనం సొంత వివరాల్ని కాపాడే చట్టం, వచ్చింది కదా. అయినా చట్టం కోసం కాదు, ఆ వీడియో ఏ వాట్సాప్ గ్రూపులోకో వెళ్తే ఆ మనిషి గతేంటి?

ఫైలు_కదలదు:
అన్నీ బాగానే చెప్పారు, ఒక్కరూ అసలు విషయం చెప్పలేదు. అక్కా, చేరేముందు ఒకే ఒక్క ప్రశ్న అడుగు: ఎస్ఆర్ఎస్ సంతకం అయిందా? అంటే సాఫ్ట్‌వేర్లో ఏమేం ఉండాలో రాసే కాగితం. అది సంతకం అయిపోయి, మైలురాళ్ళ వారీగా బిల్లులు దాని మీద నడుస్తుంటే నువ్వు ఏం కనిపెట్టినా "చేంజ్ రిక్వెస్ట్" అంటారు, దానికి వేరే డబ్బులంటారు, అక్కడితో ఆగిపోతుంది. నేను ఒక వెండర్ (ప్రభుత్వానికి సాఫ్ట్‌వేర్ చేసిచ్చే కంపెనీ) దగ్గర చేశాను, మా రీసెర్చ్ రిపోర్టు 140 పేజీలు, స్పైరల్ బైండింగు, కలర్ ప్రింటు. దాన్ని తెప్పించుకున్న ఆఫీసరు రెండో నెలలో బదిలీ. తర్వాత వచ్చినాయనకి అదుందనే తెలీదు.

చెట్టుకింద_బెంచీ:
@ఫైలు_కదలదు ఒప్పుకుంటా, నాదీ అలాగే ఒకటి పోయింది. అందుకే రెండోసారి రిపోర్టు రాయలేదు. ఆఫీసరుగారిని బతిమాలి, ప్రోటోకాల్ బండి లేకుండా, గంటన్నర ఆ బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆయన పక్కన కూర్చున్న పెద్దావిడ ఐదోసారి వచ్చింది, తండ్రి పేరు గడిలో భర్త పేరు పడిందని. వారంలో ఆ గడి మారింది. నేను కనిపెట్టిన మిగతా పదమూడు లోపాలూ మారలేదు, అది వేరే సంగతి.

మాదాపూర్_మేడమీద:
కన్సల్టెన్సీ వాళ్ళని అడిగాను. సంతకం అయిపోయిందట 🙂 కాసేపు నీరుగారిపోయి, మళ్ళీ ఫోన్ చేసి మరి ఏం మార్చొచ్చో చెప్పమన్నాను. స్క్రీన్లు కష్టమట. మెసేజ్‌ల మాటలు, రసీదు, తిరస్కరణకి చూపించే కారణాల వాక్యాలు మాత్రం ఇంకా ఎవరూ రాయలేదట, "మీరు రాస్తానంటే మాకూ మంచిదే" అన్నారు. ఆ మూడూ నా పనిలో రాసివ్వాలి, నెలకి ఒకరోజు శాఖవాళ్ళు నాతో ఫీల్డుకి రావాలి అని మెయిల్ పెట్టాను. జవాబు రావాలి.

ఈలోగా @డిజిటల్_అసిస్టెంట్ గారూ, మా అమ్మమ్మగారి ఊరు గోదావరి జిల్లాల్లోనే. సోమవారం వచ్చి మీ సెంటర్ దగ్గర ఒకరోజు కూర్చోవచ్చా? ఫొటోలు తీయను, గోడ మీది కాగితం తప్ప.

డిజిటల్_అసిస్టెంట్:
సోమవారం వద్దు మేడమ్, గ్రీవెన్స్ రోజు, అందరం అటే ఉంటాం. ఒకటో తారీఖు కూడా వద్దు, పింఛన్లు పంచాలి. మంగళవారం పదకొండు దాటాక రండి, సర్వర్ పనిచేస్తే పని చూస్తారు, లేకపోతే జనం మమ్మల్ని ఎలా తిడతారో చూస్తారు. జనాన్ని అడిగేముందు నన్ను అడగాలి, ముందే చెప్తున్నా.