అప్‌డేట్: 20 కిలోమీటర్ల కొండదారి, చీకటి పడేలోపే చేరాను

20 కిలోమీటర్లు, 1,200 మీటర్ల ఎక్కుడు, వీపున 14 కిలోల బ్యాగు, ఒక్క రోజులో అవుతుందా అని పోయిన వారం అడిగాను కదా. అయింది!

కొండ నడకకు ఎంతసేపు పడుతుందో అంచనా వేసే నైస్మిత్ లెక్క ప్రకారం (5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట) 6 గంటలు చాలు. నాకు తొమ్మిదిన్నర పట్టింది. ఆ లెక్కలో విశ్రాంతి లేదు, వీపు మీద బరువూ లేదు. తెల్లవారుజామున 5 గంటలకే బయల్దేరమన్న వాళ్లకు చాలా థాంక్స్.

అడవిలో నడిచినంతసేపూ ఒకటే చెమట. పైకి వెళ్లేకొద్దీ చెట్లు పొట్టిబడి, గాలికి ఒకే పక్కకు వంగి, చివరికి మోకాలెత్తు పొదలయ్యాయి. ఆ పైన రాళ్లే, వాటి మీద నారింజ రంగు లైకెన్ (రాళ్లకు అంటుకుని పెరిగే నాచు లాంటిది) మచ్చలు. కూర్చున్న రెండు నిమిషాలకే తడి చొక్కా వీపుకు మంచులా అంటుకుంది. వెయ్యి మీటర్లు పైకెళ్తే ఉష్ణోగ్రత దాదాపు 6.5 డిగ్రీలు తగ్గుతుందని చదవడం వేరు, అక్కడ వణకడం వేరు. పొడి చొక్కా బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టుకోమన్న సలహాయే నన్ను కాపాడింది.

అసలు కష్టం దిగడంలోనే. బూట్ల లేసులు బిగించుకోలేదు, పాదం ముందుకు జారి బూటుకు గుద్దుకుని బొటనవేలి గోరు నల్లబడింది.