రెండు తలంపుల మధ్య తడబడటం: హీబ్రూలో ఏముంది?

తెనాలి మనవడు: ఎటూ తేల్చుకోని వాళ్లను చూస్తే మా నాయనమ్మ "యెన్నాళ్ల మట్టుకు రెండు తలంపుల మధ్య తడబడుచుందురు" అనేది. తలంపులో, తలపులో, సరిగ్గా గుర్తులేదు. బైబిల్లో, యెహోవానా బయలు దేవుడా తేల్చుకోండని కర్మెలు కొండమీద ఏలీయా ప్రవక్త జనంతో అన్న మాట, మొదటి రాజులు 18. పొద్దుటి నుంచి నోట్లో నానుతోంది. 'తలంపులు' ఉన్నచోట హీబ్రూలో 'సెఇప్పీమ్' అట. అవి కొమ్మలా, ఊతకర్రలా, అభిప్రాయాలా?

హీబ్రూ పలక: తెలుగు బైబిల్లో తలంపులేనండి, సున్నాతో. అసలు 'తడబడు' చూడండి. అక్కడి క్రియ 'పాసహ్', కుంటడం. 26వ వచనంలో బయలు ప్రవక్తలు బలిపీఠం దగ్గర చేసేదీ అదే క్రియ. మన అనువాదకులు వాళ్ల చేత 'గంతులు' వేయించారు. మీరూ కుంటుతున్నారు, వాళ్లూ కుంటుతున్నారు అన్న ఎత్తిపొడుపు పోయింది.

పాత ప్రతుల పిచ్చి: పూర్తిగా పోలేదు. తడబడేది ముందు అడుగు, ఆ తర్వాతే మనసు. 'కుంటుదురు' అని పెడితే నాయనమ్మగారి నోట నిలిచేదా?

తత్త్వాల తాత: నన్ను తొలిచేది 'బయలు'. అచల తత్త్వాల్లో, అంటే ఆ వేదాంతుల పాటల్లో, బట్టబయలంటే పేరూ రూపమూ లేని పరిపూర్ణం. ఆ మాటను తీసుకెళ్లి కనానీయుల వానదేవుడికి తగిలించారు! కావాలనే చేశారని నా అనుమానం. ఉన్నతస్థలాల్లో, పచ్చని చెట్ల కింద, ఆరుబయట చేసే పూజ కదా.

హీబ్రూ పలక: తాతగారూ, వినడానికి బాగుంది, నిలబడదు. షోమ్రోనులో ఇశ్రాయేలు రాజు అహాబు బయలుకు గుడే కట్టించాడు. బైబిల్లోని న్యాయాధిపతి గిద్యోను రెండో పేరు యెరుబ్బయలు, అందులో ఆరుబయలు ఎక్కడుంది? అది 'బఅల్' శబ్దం, అంతే. నడుమ ఉన్నది 'అయిన్', గొంతు లోతు నుంచి వచ్చే హల్లు. మనకు ఆ అక్షరం లేదు. తమిళులు పాగాల్ అన్నారు, కన్నడిగులు బాళ అన్నారు, మనవాళ్లు 'య' పెట్టారు.

పాత ప్రతుల పిచ్చి: యడాగమం! అచ్చు పక్కన అచ్చును నిలవనిస్తామా? చివరి ఉకారం కూడా మన కానుకే.

తత్త్వాల తాత: మరి 'బాలు' అని ఎందుకు రాయలేదు?

వినుకొండ గాలి: పక్కింటి కుర్రాడనుకుంటారని 😀

హీబ్రూ పలక: బఅల్ అంటే యజమాని, భర్త కూడా. హోషేయ 2:16లో యెహోవా, ఇక నన్ను 'బయలు' అనవు, 'నా పురుషుడవు' అంటావు అని చెబుతాడు. ఒకప్పుడు ఆ పిలుపు ఆయనకూ చెల్లిందన్నమాట. సౌలు రాజు కొడుకు ఎష్బయలును ఇంకోచోట ఇష్బోషెతు చేశారు. బోషెత్ అంటే సిగ్గు. పరాయి దేవుడి పేరు పలకడం ఇష్టంలేక మార్చారని చాలామంది పండితుల మాట. తెలుగులో చదివితే ఇదేదీ చెవికి తగలదు.

వినుకొండ గాలి: ఇంత రాసి జాషువాను తలవరా? 'గబ్బిలం'లో మొర పెట్టుకున్నది శివుడికి. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు. తలంపులు రెండైనా పద్యం తడబడలేదు.

పాత ప్రతుల పిచ్చి: పోలిక కుదరదు. గబ్బిలానికి గుళ్లో చోటుంది, నాకెందుకు లేదన్నది ఆయన బాధ. ఎవరు దేవుడన్నది కాదు.

వినుకొండ గాలి: ఒప్పుకున్నా. అయినా 450 మంది బయలు ప్రవక్తలు గొంతు చించుకుంటుంటే ఏలీయా "నిద్రపోతున్నాడేమో, లేపండి" అనే ఘట్టం ఆయన చేతిలో పడితే! ఒక్క సీసం చాలు.

తత్త్వాల తాత: ఆ వెటకారానికి సీసమెందుకు, కందం.

హీబ్రూ పలక: ఉత్త వెటకారం కాదది. 1929లో తవ్వకాలు మొదలైన సిరియాలోని రాస్ షమ్రాలో, ప్రాచీన ఉగరిత్ నగరపు మట్టిపలకలు దొరికాయి. వాటిలోని కథలో బఅల్ నిజంగానే చస్తాడు, పొలాల చాళ్లు ఎండిపోతాయి, తర్వాత తిరిగొస్తాడు. ఏలీయా నాటి కరువు మూడో ఏట వానదేవుడు ఎక్కడికెళ్లాడని అడగటం ఎంత పోటో చూడండి.

తెనాలి మనవడు: అయ్యా, నా సెఇప్పీమ్?

పాత ప్రతుల పిచ్చి: ఊతకర్రలే. కుంటేవాడికి కొమ్మలెందుకు?

హీబ్రూ పలక: కొమ్మ విరిస్తేనే కదండీ ఊతకర్ర.

తత్త్వాల తాత: 'బాలు' అని ఎందుకు రాయలేదో ఎవరూ చెప్పలేదు.