ఆటల పీరియడ్‌లో బరువు చూడాలా, వద్దా?

తెల్లకాగితం:
మా అమ్మాయికి పదమూడేళ్లు. ఆటల పీరియడ్‌లో పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి బరువు చూశారు, అంకెను పైకి చదివారు. వాలీబాల్ అంటే ప్రాణం పెట్టే పిల్ల ఆ వారం నుంచి ఆటలున్న రోజు కడుపునొప్పి అంటోంది. పాఠశాలల్లో ఈ తూకాలు ఆపాలి.

నిలువుగీత:
పైకి చదవడం తప్పు, చూడటం తప్పు కాదు. మా అబ్బాయికి పదహారేళ్లు వచ్చేదాకా ఎవరూ ఏమీ అనలేదు. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉందని తేలాకే మేల్కొన్నాం. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే అంకె) 25 దాటితే అధిక బరువే, అందులో అవమానం ఏముంది?

పాతమైదానం:
25 పెద్దల హద్దు. పిల్లలకు వయసును బట్టి, ఆడా మగా బట్టి మారుతుంది. 5 నుంచి 19 ఏళ్ల వారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన పట్టికలు అందుకే ఉన్నాయి. పైగా ఎదిగే వయసులో ఆడపిల్లలు కొంత ఒళ్లు చేయడం సహజం.

నిలువుగీత:
పదమూడేళ్లకు ఆ హద్దు 25 కన్నా తక్కువే కదా! అయితే ఇంకా ముందే చూడాలి.

చిరుగాలి:
లావు పిల్లల గురించే మాట్లాడుతున్నారు. నన్ను ‘పుల్ల’ అనేవారు. ఎండాకాలంలోనూ చొక్కా కింద రెండు బనియన్లు వేసుకునేవాణ్ణి.

తెల్లకాగితం:
నిలువుగీత గారూ, నేను హద్దు గురించి అడగలేదు. పిల్ల ఆట మానేసిందంటున్నాను. ఈ వయసు వారికి రోజుకు సగటున 60 నిమిషాల ఒంటి శ్రమ కావాలి. 2016 ప్రపంచ లెక్కల్లో 11–17 ఏళ్ల అమ్మాయిల్లో 85 శాతం మందికి అది లేదు. ఆడుతున్న పిల్లను ఆ గుంపులోకి నెట్టింది మీ తూకమే.

నిలువుగీత:
పిల్ల నొచ్చుకుంటుందని నిజం దాచేస్తారా? ఇది ప్రేమ కాదు, నిర్లక్ష్యం.

తెల్లకాగితం:
నిర్లక్ష్యమా? పదిహేనేళ్లప్పుడు తిన్న ప్రతి ముద్దకూ లెక్కకట్టి నన్ను మేడ మీద పరుగెత్తించేవారు. అది ఆట కాదు, శిక్ష. ఈనాటికీ పరుగెత్తే మనిషిని చూస్తే నాకు ఆ మేడే గుర్తొస్తుంది. నా కూతురికి ఒళ్లు కదిలించడమంటే సంతోషం. అది పోతే ఏ పట్టిక తిరిగి ఇస్తుంది?

నిలువుగీత:
ఆ మాట అనకుండా ఉండవలసింది, క్షమించండి. మావాడు లావవుతున్నాడని నాకు కనిపిస్తూనే ఉంది. చెబితే అన్నం మానేస్తాడేమోనని రెండేళ్లు నోరు విప్పలేదు. నేను అనలేని మాట పాఠశాల అని ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

పాతమైదానం:
బరువు తగ్గకపోయినా ఆడే పిల్లల గుండెకు, ఎముకలకు మేలు జరుగుతుంది. అందుకే మైదానంలోకి తూకం రాకూడదు. ఆరోగ్య పరీక్ష వేరుగా, ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి చేయాలి. ఫలితం కవరులో ఇంటికి పంపాలి.

నిలువుగీత:
దానికి నేను ఒప్పుకుంటాను.

తెల్లకాగితం:
నేను ఒప్పుకోను. ఆ కవరును దారిలో ముందుగా చింపేది పిల్లే. పిలిస్తే నేను వెళ్తాను, నాతో చెప్పండి.